ఆగని తుపాకీ పుట్టలేదన్న మనిషి

దోహాలో అల్ సద్ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా మెట్‌పల్లి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఫౌజీ పోయిండట. పంపినవాడు మా క్యాంపులో పాత మేస్త్రీ. దాని వెనకే ఫోటో కూడా వచ్చింది. దండ వేసిన ఆ ఫోటోలో ఫౌజీ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఆయనతో నాలుగేళ్లు ఉన్నాను గానీ అలాంటి నవ్వు ఒక్కసారీ చూడలేదు. స్టూడియోవాడెవడో తగిలించి ఉంటాడు.

పోయినవాళ్ల గురించి మంచే రాయడం మనవాళ్ల మర్యాద. ఫౌజీకి ఆ మర్యాద పడదు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు దాని లోపాలు చెప్పేవాడు. మరి మంచి సంగతో అంటే, "గది అమ్మేటోడు చెప్తడు తియ్యి" అనేవాడు. అందుకని నేనూ ఆయన లోపాలతోనే మొదలుపెడతాను. గురక పెడితే పక్క గది బంగ్లాదేశీలు గోడ కొట్టేవాళ్లు. ఎడమ చెవి వినపడదు, అందుకని లోకమంతా చెవిటిదన్నట్టు అరిచి మాట్లాడేవాడు. ఇంకొకరి ఊరగాయ సీసాలో స్పూను పెట్టే ముందు అడిగే అలవాటు లేదు. చెప్పిన సంగతే ఏడోసారి చెప్పేవాడు, ఆరుసార్లు విన్నాం కాకా అంటే, "ఇన్నవుగని అర్థంగాలే" అని ఎనిమిదోసారి మొదలుపెట్టేవాడు.

నేను కంపెనీ మినీబస్సు డ్రైవర్ని. ఇంట్లో దక్ఖనీ, బజార్లో తెలుగు, ఇక్కడికొచ్చాక దారులు అడిగీ తిట్లు తినీ నేర్చుకున్న అరబ్బీ. సెక్యూరిటీ గార్డుల్ని క్యాంపు నుంచి ఎక్కించుకుని సైట్ల దగ్గర దింపడం నా డ్యూటీ. అప్పుడు దోహా అంతా ప్రపంచకప్పు కోసం తవ్వి పోసి ఉండేది. నిన్న వెళ్లిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. వెస్ట్ బేలో ఒక టవర్ దగ్గర దింపాల్సిన మనిషిని తీసుకుని నలభై నిమిషాలు ఆ టవర్ చుట్టే తిరిగిన రోజులున్నాయి. కనపడుతుంది గానీ అందదు.

ఫౌజీ నా బస్సు మొదటిసారి ఎక్కిన రోజు తలుపు మూసుకోలేదు. అది మామూలే. రోజూ ఎవరో ఒకరు కాలితో తంతే మూసుకునేది. నేపాలీ గార్డు ఒకతను లేచి కాలెత్తాడు. వెనక సీట్లోంచి, అప్పుడే కంపెనీ ఇచ్చిన టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి చెయ్యెత్తి అరిచాడు.

"ఏయ్, ఆగు! ఆగిపోయినదాన్ని తన్నుతరా? ఎందుకాగిందో సూడు ముందుగల!"

కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, తలుపు జారే పట్టాలో వేలు పెట్టి రెండు ఖర్జూరం గింజలు తీశాడు. తలుపు మెత్తగా మూసుకుంది. "ఫౌరీ ఇలాజ్" అన్నాడు నన్ను చూసి. మిలిటరీలో రైఫిల్ ఆగిపోయినప్పుడు చేసే తక్షణ వైద్యాన్ని అలా అంటారట. ఆ గింజలు తిని పడేసింది నేనే అని నేను చెప్పలేదు.

ఇరవై ఏళ్ల పైన సైన్యంలో చేశాడు. అక్కడ తుపాకులు పేల్చేవాళ్లు వేరు, వాటికి రోగాలొస్తే బాగుచేసేవాళ్లు వేరు. ఈయన రెండో రకం. రిటైరై మన ఊళ్లలో ఒక బ్యాంకు ముందు గార్డుగా కూర్చున్నాడు. అక్కడ ఆయన చేతికిచ్చిన తుపాకీ లోపల సాలీడు గుడ్లు పెట్టి ఉందట. శుభ్రం చేస్తానంటే మేనేజరు, "ఎందుకు బాబాయ్, అది భయపెట్టడానికే" అన్నాడట. ఆ మాటకే విరక్తి పుట్టి దుబాయ్ పోతానని బయల్దేరి ఖతర్‌లో తేలాడు. ఇంట్లోవాళ్లు చివరిదాకా దుబాయ్ అనే అనుకున్నారు. ఇక్కడ కంపెనీ ఆయనకి తుపాకీ కూడా ఇవ్వలేదు. ఒక ఈల, ఒక టార్చి ఇచ్చింది. మొదటి రోజే ఈల విప్పి, అందులో గోళీ అరిగిందని రిపోర్టు రాశాడు.

క్యాంపులో కొత్తగా వచ్చినవాళ్లంతా ఆయన్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "కాకా, ఎంతమందిని సంపినవ్?"

"ఒక్కన్ని గూడ లే."

"ఉత్త ముచ్చట."

"నాకాడికొచ్చినయన్నీ బీమారున్న తుపాకులేరా. గవిటితోని ఎవ్వడు సస్తడు? పేల్చినోడు సస్తే సావాలె."

ఆయన దృష్టిలో లోకంలో ప్రతి వస్తువూ ఆగిపోవడానికి నాలుగే కారణాలు. మందుగుండు పెట్టిన డబ్బాలో, అంటే మ్యాగజైన్‌లో లోపం. తూటాలో లోపం. లోపలి మురికి. అరిగిపోయిన స్ప్రింగు. టీవీ రిమోట్ పనిచేయకపోతే ముందు మ్యాగజైన్ చూడమనేవాడు, అంటే బ్యాటరీలు. ఒకసారి మా గదిలో కోరుట్ల కుర్రాడికి నాలుగు రోజులు విరేచనం కాక కడుపు పట్టుకుని కూర్చుంటే, ఆయన పొట్ట మీద రెండుసార్లు తట్టి చూసి తీర్పు చెప్పాడు. "తూటా మంచిగనే పేలింది. ఖాళీ ఖోకా బయటికి ఎల్తలేదు. నూనె తక్కువైంది." ఖోకా అంటే తూటా పేలాక మిగిలే డొప్ప. ఆముదం తాగించాడు. మరుసటి రోజు కుర్రాడు డ్యూటీకి పోలేదు, కానీ బాధ పోయింది.

ఆయనతో కూర్చుని సినిమా చూడటం శిక్ష. ఫోన్లో హీరో తుపాకీ పట్టుకోగానే ఫౌజీ వేళ్లు మడవడం మొదలుపెట్టేవాడు. ముప్పై దాటగానే లేచేవాడు. "అయిపోయినయి. ఇగ ఎట్ల పేలుస్తుండు? గాలి పేలుస్తుండా?" విలన్ చావలేదని కాదు, హీరో మ్యాగజైన్ మార్చలేదని ఆయన కోపం. అటుమీద ఆ హీరో ఎంత ఏడ్చినా ఫౌజీకి జాలి కలిగేది కాదు.

అల్ మన్సూరాలో మేం శుక్రవారం చాయ్ తాగే హోటల్లో ఒక పాకిస్తానీ డ్రైవరు ఉండేవాడు. ఆయనా ఒకప్పుడు అటువైపు సిపాయే. వీళ్లిద్దరూ కలిస్తే యుద్ధం వస్తుందని మేం ముచ్చటపడి చూసేవాళ్లం. వచ్చింది గానీ దేశాల మీద కాదు. ఏకే 47 గొప్పదా, నాటోవాళ్ల రైఫిల్ గొప్పదా అని. ఏకే ఎప్పుడూ ఆగదని ఆయన అన్నాడు. ఫౌజీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆగని తుపాకీ ఇంకా పుట్టలే భాయ్. ఏకేను బురదల ముంచినా నడుస్తదంటరు. ముంచినోడు ఎవ్వడన్న తెచ్చి నాకు సూపిచ్చిండా? దాని మ్యాగజైన్ మూతి జరంత వంగితె గదీ ఆగుతది. పల్లె బస్సు లెక్క, అన్నీ ఊగుతయి, ఊగుతయి గన్కనె ఇసుక ఇరుక్కోదు. రెండోది కొత్త అల్లుని లెక్క. అన్నీ టైముకు గావాలె. తుడువాలె, నూనె రాయాలె, మంచి తూటా పెట్టాలె. ఒక్కటి తక్కువైతె మొకం మాడ్సుకుంటది. గని సూటిగ కొడ్తది."

పాకిస్తానీ డ్రైవరు కాసేపు ఆలోచించి, తన అల్లుడు కూడా అచ్చం అంతేనని ఒప్పుకున్నాడు. ఆ రోజు చాయ్ ఇద్దరికీ ఆయనే ఇప్పించాడు.

ఈ దేశంలో తుపాకీకి నూనె తక్కువ, గుడ్డ ఎక్కువ కావాలని ఆయన సిద్ధాంతం. నూనె ఎక్కువైతే ఇసుక అంటుకుని లోపల పిండి ముద్ద తయారవుతుంది. వినేవాళ్లలో ఒక్కడికీ తుపాకీ లేదు. అయినా మా గదిలో అందరికీ ఈ సంగతి కంఠస్థం.

అలా ఉండగా ఆయన గార్డు చేసే సైటు పని అయిపోవచ్చింది. ఊరంతా అదే పరిస్థితి. ఆట మొదలయ్యే ముందు మైదానాలు తళతళ మెరవాలి, కట్టినవాళ్లు కనపడకూడదు. కంపెనీ ఇళ్లకు పంపేవాళ్ల లిస్టు అంటించింది. ఫౌజీ పేరు రెండో పేజీలో ఉంది. ఆయన ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. అంటించిన టేపు సరిగ్గా అంటలేదని చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"ఇంటికి పోయి ఏం జేస్తవ్ కాకా?" అన్నాను.

"ఏమున్నది బిడ్డా. మళ్ల గా బ్యాంకు కుర్చీ. మళ్ల గా సాలీడు."

అప్పుడు మొదటిసారి తన చేతులు నాకు చూపించాడు. వేళ్ల సందుల్లో నల్లటి గీతలు, ఎన్నేళ్లు కడిగినా పోనివి. "ఒక్క రైఫిల్ పట్టుకోక ఏడేండ్లయింది" అన్నాడు. పెళ్లాం బిడ్డల గురించి కూడా ఆయన ఎన్నడూ అంత బాధగా మాట్లాడలేదు. ఆ మాట ఆయనతో అంటే ఆయనే ఒప్పుకునేవాడు.

లిస్టు వచ్చిన వారానికి కంపెనీ ఆయన్ని వేట సామాన్ల ప్రదర్శనకి నాలుగు రోజుల డ్యూటీకి పంపింది. డేగలు, గుడారాలు, జీపులు, తుపాకులు అన్నీ అక్కడ అమ్ముతారు. ఫౌజీని తుపాకుల స్టాలు ముందు తాడు దగ్గర నిలబెట్టారు. ఎవర్నీ ముట్టుకోనివ్వకూడదు, ముఖ్యంగా తను ముట్టుకోకూడదు. మిఠాయి దుకాణం ముందు నిలబెట్టినట్టే అయింది.

మూడో రోజు సాయంత్రం ఆయన్ని ఎక్కించుకోవడానికి వెళ్లేసరికి అక్కడ గుంపు. స్టాలువాడు మిలిటరీ పద్ధతి రైఫిల్ ఒకటి ఎత్తి చూపిస్తూ, ఎడారిలో ఇది ఎన్నడూ ఆగదని చెబుతున్నాడు. వింటున్నవాడు తెల్లగడ్డం ఖతరీ పెద్దాయన. తాడు దగ్గర నిలబడ్డ గార్డు ఫక్కున తుమ్మినట్టు ఒక శబ్దం చేశాడు. అది ఫౌజీ నవ్వు. పెద్దాయన వెనక్కి తిరిగి, ఎందుకు నవ్వావని అరబ్బీలో అడిగాడు. ఫౌజీకి వచ్చిన అరబ్బీ యల్లా, మాఫీ, ఖలాస్, అంటే పద, లేదు, అయిపోయింది. పెద్దాయనకి వచ్చిన ఉర్దూ చాయ్, పానీ, జల్దీ. ఈ ఆరు మాటలతో తుపాకీ శాస్త్రం నడవదు కనుక మధ్యలో నేను దూరాను.

పది నిమిషాలు ఇద్దరి మధ్యా మాటలు మోశాను. పెద్దాయన దగ్గర వాళ్ల నాన్న ఇచ్చిన పాత రైఫిల్ ఉంది, మిలిటరీ రకమే. మూడు తూటాలకోసారి ఆగిపోతోంది. అది కాక ఇంకో డజను ఉన్నాయి, అన్నిటికీ లైసెన్సులున్నాయి, చూసే మనిషే లేడు. ఫౌజీ తుపాకీ ముట్టుకోకుండానే నాలుగు ప్రశ్నలు వేశాడు. తూటా ఇరుక్కుంటుందా, ఖాళీ ఖోకా ఇరుక్కుంటుందా? ఎండలోనా, నీడలోనా? పెద్దాయనకి ముచ్చటేసింది. శుక్రవారం తన తోటకి తీసుకురమ్మన్నాడు. నాన్న రైఫిల్ బాగుచేస్తే ఈ మనిషిని తనే పనిలో పెట్టుకుంటానని, కంపెనీతో మాట్లాడి వీసా తన పేరు మీదికి మార్పిస్తానని చెప్పాడు.

ఆ వారమంతా ఫౌజీ గురక పెట్టలేదు. నిద్రపోలేదన్నమాట.

శుక్రవారం నమాజు అయ్యాక అల్ ఖోర్ వైపు తోటకి తీసుకెళ్లాను. ఎండుగడ్డి, మేకలు, అతిథులు కూర్చునే ఒక పెద్ద మజ్లిస్ గది. బయట ఒక బంగ్లాదేశీ పనివాడు కంచె గుంజలకి తెల్ల రంగు వేస్తున్నాడు. చెట్టు నీడలో బల్ల వేసి రైఫిల్ పెట్టారు. సాయంత్రం స్నేహితులతో షూటింగ్ రేంజికి వెళ్తున్నానని, అప్పటికి ఇది నడవాలని పెద్దాయన చెప్పాడు.

ఫౌజీ చేతులు కడుక్కుని కూర్చున్నాడు. అంత అరిచి మాట్లాడే మనిషి గంటన్నర మాట్లాడలేదు. విప్పిన ప్రతి ముక్కనీ గుడ్డ మీద వరసగా పేర్చాడు. గ్యాసు పోయే రంధ్రంలో గట్టిపడిన మసి గీకి తీశాడు. ఖాళీ ఖోకాని బయటికి లాగే కొక్కెం స్ప్రింగు చచ్చిపోయిందని నాకు చూపించి, పెద్దాయన విడిభాగాల డబ్బాలోంచి కొత్తది తీసి మార్చాడు. తూటా లేకుండా నాలుగుసార్లు ఆడించాడు. టక్, టక్ అని శుభ్రంగా ఆడింది. పెద్దాయన మాషా అల్లా అని ఫౌజీ భుజం తట్టాడు.

అక్కడితో లేచి ఉంటే అయిపోయేది. ఫౌజీ లేవలేదు. బోల్టు చేతిలోకి తీసుకున్నాడు. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్నంతా ఆపేది ఈ ముక్కే, పేల్చేవాడి ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. దానికి పలచటి నూనె రాశాడు, పొడిగా తుడిచాడు. తన సంచిలోంచి చెమటకాయల పౌడరు తీసి సన్నగా చల్లాడు. పెద్దాయన మనవలు నవ్వారు, తుపాకీకి స్నానం చేయించి పౌడరేస్తున్నాడని. కొంచెం సేపటికి ఆ తెల్లటి పౌడరు మీద వెంట్రుకంత నల్లటి గీత తేలింది. పగుల్లో దూరిన నూనె మెల్లగా పైకి వస్తోంది.

ఫౌజీ బోల్టు కింద పెట్టి నావైపు తిరిగాడు.

"ఆయనకు చెప్పు బిడ్డా. ఇది ఇగ పేల్చద్దు. బోల్టుకు పగులుంది. ఇయ్యాల ఇరుగుతదో పదేండ్లకు ఇరుగుతదో నేను చెప్పలేను, గని ఇరిగిన రోజు మొకం పోతది. గోడకు పెట్టుకొమ్మను."

పెద్దాయన నా ముఖంలోకి చూస్తున్నాడు. ఆయన ముఖంలో సంతోషం ఇంకా అలాగే ఉంది. లిస్టు రెండో పేజీ నా కళ్లముందు ఆడింది. నాన్న ఇచ్చిన తుపాకీ పనికిరాదని ఈయనతో ఎలా చెప్పను? చెబితే ఉద్యోగం ఎక్కడిది? నా నోట్లోంచి వచ్చిన అరబ్బీకి తెలుగు ఇది: "చాలా గొప్ప తుపాకీ అంటున్నాడు. వయసైంది కదా, కొంచెం నెమ్మదిగా వాడుకోమంటున్నాడు."

ముందు ఉద్యోగం చేతికి రానీ, రేపెప్పుడో బోల్టు మార్పిద్దాం అనుకున్నాను. ఆ సాయంత్రమే ఆయన రేంజికి వెళ్తున్నాడన్న సంగతి నాకు గుర్తులేక కాదు. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను.

పెద్దాయన చక్కగా నవ్వాడు. ఒకటో తారీఖు నుంచి వచ్చేయమన్నాడు. ఆ మాట మాత్రం నేను ఉన్నది ఉన్నట్టు ఫౌజీకి చెప్పాను. ఆయన నవ్వలేదు. పెద్దాయన నవ్వునీ, తుపాకీ పెట్టె తెరుస్తున్న మనవడినీ చూశాడు.

"నేను చెప్పింది చెప్పినవా?"

"చెప్పిన కాకా."

ఫౌజీ రైఫిల్ జోడించాడు. దాన్ని తీసుకుని కంచె దగ్గరికి నడిచాడు. బంగ్లాదేశీ చేతిలోంచి బ్రష్షు తీసుకున్నాడు. మేం ఏమవుతోందో తెలుసుకునేలోపు, నాన్నగారి రైఫిల్ కట్టె భాగం చుట్టూ, ముందొకటి వెనకొకటి, బెత్తెడు వెడల్పున రెండు తెల్ల పట్టీలు వేసేశాడు. పని నీటుగా చేశాడు, అంచులు కూడా వంకర పోలేదు.

పెద్దాయన కేక విని మేకలు లేచి నిలబడ్డాయి. తుపాకీ లాక్కున్నాడు, చేతులకీ తెల్లటి బట్టలకీ రంగంటింది. మా నాన్నది, మా నాన్నది అని మాత్రం నాకు అర్థమైంది. కొట్టలేదు. గేటువైపు వేలు చూపించి "బర్రా" అన్నాడు. బయటికి పొమ్మని. మేము పోయాం. ఆ హడావుడిలో ఆయన రేంజికీ పోలేదని తర్వాత తెలిసింది.

బస్సులో నేను నోటికొచ్చినట్టు తిట్టాను. చేతికొచ్చిన నౌకరీ, నీకు పిచ్చా, ఎవరి తుపాకీ అనుకున్నావ్ అని. ఆయన వేళ్లకంటిన రంగు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"పనికిరాని రైఫిలుకు ఫౌజుల తెల్ల పట్టీ కొడ్తరు బిడ్డా. పంజాబోడైనా మదరాసోడైనా గది సూస్తె తూటా ఎక్కియ్యడు. ఎవ్వడు ఎవ్వనికీ చెప్పేదుండది."

కొంచెం దూరం పోయాక మిగతాది చెప్పాడు. ఎనిమిదిసార్లు చెప్పే మనిషి ఈ సంగతి మాత్రం ఒక్కసారే చెప్పాడు.

"ఒకసారి ఇన్‌స్పెక్షన్ ఉండె. నలభై రైఫిళ్లు బల్ల మీద ఉన్నయి. ఒకదాని బోల్టు మీద నాకు అనుమానం. పౌడరేసి సూద్దామంటె టైం లేదు. ఫిట్ అని రాయి, ఎన్క సూసుకుందామన్నడు మా సాబ్. రాసిన. నాలుగోనాడు ఒక నాయక్ ర్యాంకోడు దాన్ని పేల్చిండు. కుడికన్ను పోయింది. రెండేండ్లల్ల పింఛన్ మీద ఇంటికి పోయెటోడు."

"మరి నిన్నేమన్నరు?"

"ఏమనలే. తూటాది తప్పని రాసిన్రు. నేను దవాఖానకు పోతె, ఆయన నాకు చాయ్ తెప్పిచ్చిండు. కట్టు కట్టుకోని, నాకు చాయ్."

క్యాంపు వచ్చేలోపు నేను చేసింది ఆయనకి చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. సిగ్గేసి మూసుకున్నాను. నెల తిరక్కుండానే ఆయన విమానం ఎక్కాడు. ఎక్కే ముందు ఎయిర్‌పోర్టులో ట్రాలీ చక్రం బాగుచేసి వెళ్లాడు.

ఆయన ఇంటికి వెళ్లిన మూడు వారాలకి పెద్దాయన డ్రైవరు, ఒక మలయాళీ, నన్ను వెతుక్కుంటూ క్యాంపుకి వచ్చాడు. తెల్ల రంగు తీయించడానికి పెద్దాయన రైఫిల్‌ని రేంజిలో పనిచేసే మెకానిక్‌కి ఇచ్చాడట. అతనూ పాత మిలిటరీవాడే. పట్టీలు చూసి, ఇవి ఎవరేశారని అడిగి, రంగు సంగతి వదిలేసి బోల్టు విప్పాడట. విప్పి పెద్దాయనని కుర్చీలో కూర్చోబెట్టి ఆ పగులు చూపించాడట. ఆ రంగు మనిషి ఎక్కడున్నా పిలిపించమని పెద్దాయన ఆజ్ఞ. వీసా పంపుతానన్నాడు.

నేను అప్పుడే ఫోన్ చేశాను. ఫౌజీ అంతా విన్నాడు. సంతోషిస్తాడనుకుంటే అడిగిన మొదటి మాట ఇది.

"ఇప్పుడన్న నా మాట ఆయనకు చెప్పినవా?"

"ఏ మాట కాకా?"

"నీ మొకం పోతది అంటె ఎవ్వడన్న నవ్వుతడా బిడ్డా? ఆయన నవ్విండు. మధ్యల మాట మారిందని గప్పుడే సమజైంది. మళ్ల అడిగిన, చెప్పిన అన్నవ్. ఇగ నీతోని అయ్యేటట్టు లేదని బ్రష్షు పట్టిన."

"మరి దారి పొడుగునా నేను తిడుతుంటే ఈ సంగతి ఒక్క మాటన్న అనలేదేంది?"

"ఏమంటరా? నా నౌకరీ కోసమే గద అబద్ధమాడినవ్. నేను సాబ్‌కు భయపడి రాసిన. నీకన్న నేనే అధ్వాన్నం." కాసేపు దగ్గాడు. "తుపాకీ ఏడ ఆగుతదో తెలిస్తె దాన్ని నమ్మొచ్చు. నువ్వు చెడ్డ మాట కాడ ఆగుతవ్. తెల్సింది గద, ఇగ భయం లేదు. వీసా పంపుమను, వస్త. ముందుగాల్ల పోయి ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. జీవితంలో నేను మాట్లాడిన కష్టమైన అరబ్బీ అదే. పెద్దాయన, ఆ మనిషిని రప్పించు, ఈసారి మా మధ్య వేరే ఎవరినైనా పెట్టుకుంటాను అన్నాడు. అంతకంటే ఎక్కువే అంటాడనుకున్నాను.

వీసా కాగితం వెళ్లింది. ఫౌజీ హైదరాబాద్‌లో మెడికల్‌కి వెళ్లాడు. గల్ఫ్‌కి వచ్చే ప్రతివాడూ ఆ పరీక్ష దాటాలి. డాక్టరు ఫిట్ అని రాస్తేనే టికెట్. సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. గొంతు ఎప్పటిలాగే ఊరంతా వినపడేలా ఉంది.

"అన్‌ఫిట్ బిడ్డా. ఊపిరితిత్తిల మచ్చ ఉన్నదట. ఎక్స్‌రే డాక్టరమ్మ నాకు గూడ సూపిచ్చింది. సన్నగ, గీత లెక్క."

నేను తమాయించుకోలేకపోయాను. ఏజెంటు నాకు తెలుసు, మాట్లాడతాను, ఫిట్ అని రాయించే చోట్లు వేరే ఉన్నాయి, ఒక్క సంతకమే కదా అన్నాను.

"ఏజెంటు ఆడ్నే ఉండె. నా ముంగటనే ఆమెను బతిమిలాడిండు. పెద్దమనిషి మేడం, మంచి నౌకరీ పోతది, రాయున్రి అన్నడు. చిన్న పిల్ల, నా బిడ్డ ఈడుంటది. పెన్ను కింద పెట్టింది. నేను రాయనన్నది."

"మరి నువ్వేమన్నవ్ కాకా?"

"ఏమంట? లేసి నిలబడి సెల్యూట్ కొట్టిన. పిచ్చోడనుకోని నర్సును పిలిచింది."